పూట పోయిన శనివారం

ముందే ఒప్పుకుంటున్నాను: ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. మా బడిలో పిల్లలు నేను చెప్పినదాన్ని సగం చేసి, ఆ సగాన్ని మళ్లీ సగం చేసి నమ్ముతారు. మీరూ అలాగే చదువుకోండి. అయితే ఈ సంగతిలో నమ్మశక్యం కానట్టు కనిపించే చోటే నేను కొలత పెంచలేదు.

అప్పుడు నేను ధవళేశ్వరంలో మిషను బడి ఉపాధ్యాయుణ్ణి. డిసెంబరు నెల, శనివారం. పది గంటలకు పెనుగొండ వైపు నుంచి కాలువ మీద ఒక పెద్దమనిషి రావలసి ఉంది. మా చర్చి సంఘంవాడే, నాకు పాత స్నేహితుడు. భార్య పోయిన తన తమ్ముడికి మా పెద్దమ్మాయిని అడగడానికి వస్తున్నాడు. ఆ తమ్ముడు నాకంటే రెండేళ్లే చిన్న. మా అమ్మాయి ఆడపిల్లల బడిలో చిన్నవాళ్లకు అక్షరాలు నేర్పుతోంది. ఆ సంబంధం తనకు వద్దని ముందురోజే కళ్లనీళ్లు పెట్టుకుంది. "మర్యాదగా కాదని చెప్పి పంపేస్తానమ్మా" అని మాట ఇచ్చాను.

ఆ ఉదయం గోదావరికి వెళ్లి మునక వేశాను. నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయంటే, మొసళ్లు గట్టెక్కి పడవవాళ్లను గొంగళ్లు అడుగుతున్నాయి. మూడోసారి తల ముంచడం గుర్తుంది. ఆ తర్వాత గుర్తున్నది మంచం మీద పడుకొని గోడ మీద సాయంత్రపు ఎండను చూడటం. నిద్రకైనా కొంత చీకటి ఉంటుంది, దీనికి అదీ లేదు. ఒక్క తునక తప్ప మధ్యలో ఏమీ లేదు. కాబట్టి ఇక్కడినుంచి చెప్పేదంతా మా ఆవిడ చెప్పింది.

నేను మామూలుగానే ఇంటికొచ్చానట. తల దువ్వుకున్నాను, ఉతికిన పంచె కట్టుకున్నాను. పెద్దమనిషి గడపలో అడుగుపెట్టగానే రెండు చేతులూ చాపి, "రండి రండి, పడవ ఆలస్యమైందా అండీ?" అని నవ్వాను.

"లాకుల దగ్గర ఆపేశారండి మాస్టారూ, ముందు గడ్డి పడవలున్నాయి" అన్నాడాయన.

ఆయన మంచినీళ్లు తాగి చెంబు కింద పెట్టేలోగా మళ్లీ నేనే, "పడవ ఆలస్యమైందా అండీ?"

"మాస్టారి వేళాకోళం మొదలైందమ్మా!" అని ఆయన పొట్ట పట్టుకొని నవ్వాడు. మూడోసారి అడిగితే, "అయిందండి, ఈసారి దాన్ని చేప మింగింది" అన్నాడు. నాలుగోసారి అడిగాను.

"నవ్వు కూడా అదేనండీ" అని మా ఆవిడ ఇప్పటికీ చెబుతుంది. "అక్కడే లేచి, అక్కడే ఆగేది. చెయ్యి కూడా అంతే ఎత్తు లేచేది."

మొత్తం తొమ్మిదిసార్లు. ఇంకెవరైనా అయితే ఐదో ప్రశ్నకే పడుకోబెట్టి డాక్టరుకు కబురు పెట్టేవారు. నన్ను చూసి మాత్రం నవ్వారు. ఊరందరికీ నేను చేసిపెట్టిన అలవాటది.

తొమ్మిదో ప్రశ్నకు జవాబుగా ఆయన తమలపాకులు, పళ్లు, చీర ఉన్న తాంబూలప్పళ్లెం తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. "శుభం" అంటూ పుచ్చుకున్నాను. తలుపు దగ్గర నిలబడ్డ అమ్మాయి, "నాన్నగారూ, నిన్న నాతో ఏమన్నారు?" అంది.

"నిన్నా? నిన్న ఏమన్నానమ్మా?"

ఆ పళ్లెం అందుకుంటున్నప్పుడు నా లోపల ఎక్కడో ఎవరో వద్దు వద్దని అరిచారు. నాకు మిగిలిన తునక అదే.

ఆయన బస పాదిరిగారింట్లో. మర్నాడు ఆదివారం గుడిలో ఆరాధనప్పుడు, వరసగా మూడు ఆదివారాలు చదివే పెళ్లి ప్రకటనల్లో మొదటిది చదివిస్తానని చెప్పి వెళ్లిపోయాడు. సంఘమంతా విన్నాక వెనక్కి తీసుకోవడమంటే, మచ్చ పడేది ఆడపిల్ల మీదే.

అప్పుడు మా ఆవిడ ఆసుపత్రి డాక్టరుగారిని పిలిపించింది. ఆయన నా చేతులూ కాళ్లూ ఆడించి చూశాడు, మూతి వంకర పోయిందేమో చూశాడు, తాగానేమోనని నోరు వాసన చూశాడు. కొడవలి, గుమ్మడికాయ, ఉత్తరం అని మూడు మాటలు చెప్పి గుర్తుంచుకోమన్నాడు. వెంటనే అప్పజెప్పాను. పదిహేడో ఎక్కం తప్పు లేకుండా చెప్పాను. "ఇందాకటి మూడు మాటలు?" అంటే, "ఏ మాటలండీ? మీరెప్పుడొచ్చారు?" అన్నానట.

పొద్దు వాలేసరికి నేను తిరిగొచ్చాను. బల్ల మీద ఆ పళ్లెం ఉంది. ఎవడో నా పంచె కట్టుకొని, నా కుర్చీలో కూర్చొని, నా కూతుర్ని ఇచ్చేసి వెళ్లాడు.

"దెయ్యమూ కాదు, పిచ్చీ కాదు, పక్షవాతమూ కాదు" అన్నాడు డాక్టరు. "పాతవన్నీ లోపల భద్రంగానే ఉన్నాయి, కొత్తవి మాత్రం లోపలికి పోలేదు. ఈమధ్య జరిగిన కొన్నిటికీ దారి మూసుకుపోయింది. గట్టిగా చల్లనీళ్లు తగిలినా, మనసులో బెంగ ఉన్నా ఇలా అవుతుందేమోనని నా ఊహ. ఎందుకన్నది మాకూ సరిగ్గా తెలీదండి. ఆ పూట మాత్రం మళ్లీ రాదు."

"మరి పళ్లెం పుచ్చుకున్నది నేనా, కాదా?"

"మీరేనండి. నిన్నటి మాట అందుబాటులో లేని మీరు."

డాక్టరుగారిని వెంటబెట్టుకొని, పళ్లెం పట్టుకొని పాదిరిగారింటికి వెళ్లాను. ప్రకటన కాగితం అప్పటికే రాసి ఉంది.

"పొద్దున పుచ్చుకొని సాయంత్రానికి మర్చిపోయానంటే, అదీ మీ నోటితో అంటే, ఎవరు నమ్ముతారండి మాస్టారూ?" అన్నాడు పెద్దమనిషి. డాక్టరు నాకు చెప్పిందంతా ఆయనకూ చెప్పాడు.

పెద్దమనిషి నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఐదోసారికే నాకు భయం వేసిందండి. మీరు చూసిన ప్రతిసారీ, మీ లెక్కకు నేను అప్పుడే గడప దాటి వస్తున్నాను. మామూలుగా ఉంటే మీరు కాదంటారని తెలుసు. అందుకే ఆ పళ్లెం పెట్టేశాను."

పళ్లెం తనే అందుకున్నాడు. పాదిరిగారు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు.

మొసళ్లు గొంగళ్లు అడగలేదని మీకు తెలుసు. తొమ్మిదిసార్లన్నది మాత్రం తొమ్మిదే, మా ఆవిడ లెక్కపెట్టింది. నేను కల్పించింది ఆ లోపలి అరుపు. మర్నాడు గుడి నుంచి వస్తూ మా అమ్మాయి, "నన్ను ఇచ్చేస్తుంటే మీకు లోపల ఏమీ అనిపించలేదా నాన్నగారూ?" అని అడిగింది. అరుపు వినిపించిందమ్మా అన్నాను. తను నా చెయ్యి పట్టుకుంది. అరుపూ లేదు, తునకా లేదు. పళ్లెం అందుకున్నప్పుడు, నా పంచె కట్టుకున్న ఆ మనిషి చాలా సంతోషంగా ఉన్నాడట.