కుడివైపు తిరగని ఏడుకొండలు

ఏడుకొండలు కుడివైపు తిరగడు. నడిచేటప్పుడు తిరుగుతాడు, నిద్రలో దొర్లుతాడు కూడా. స్టీరింగు చేతికొచ్చిందా, ఇక ఎడమే. చోవా చూ కాంగ్‌లో ఆయన ఫ్లాటుకు కుడిపక్కనే మార్కెట్టు. నడిస్తే చెప్పులు అరగవు. కారెక్కితే మాత్రం ఎడమ, మళ్లీ ఎడమ, ఇంకో ఎడమ, దారిలో శ్మశానం గోడ కూడా చూసుకుని గానీ కొత్తిమీర ఇంటికి రాదు.

కారణం అందరికీ తెలిసిందే. శ్రీకాకుళం నుంచి సముద్రం దాటి ఇక్కడి షిప్‌యార్డుకు వెల్డరుగా వచ్చిన మనిషి, వయసులో ఉండగా ఆదివారాలు సరిహద్దు దాటి పక్క దేశంలోని జొహోర్‌లో స్టాక్ కార్ పందాలు ఆడేవాడు. పాత కార్లకు సీట్లు పీకేసి, తలుపులు వెల్డింగు చేసి, గుండ్రటి మట్టి ట్రాకు మీద ఒకరినొకరు గుద్దుకుంటూ తిరిగే పందాలవి. ట్రాకు ఎడమకే తిరుగుతుంది.

“గానుగెద్దుని తెచ్చి రోడ్డు మీద వదిలితే ఏటవుతాది? నేనూ అంతే,” అనేవాడు ఏడుకొండలు.

పందెగాడిగా ఆయన చరిత్ర చిన్నది. గెలిచి కప్పు అందుకుంది ఒక్కసారి. ఆ రోజు ఇంటికి వస్తుంటే రోడ్డు మీద ప్రమాదం జరిగి, ఆయన ప్రాణస్నేహితుడూ మెకానిక్కూ అయిన బాబ్జీ పోయాడు. ఏడుకొండలు మళ్లీ ట్రాకు మొహం చూడలేదు. సొట్టపోయిన కప్పులో భార్య అరుణమ్మ చింతపండు పోసుకుంది.

ఒక ఉగాదికి తెలుగువాళ్ల పెద్ద సుధాకరరావు ఆయన కారెక్కాడు. గుడి గోపురం కుడివైపు కనిపిస్తూనే ఉంది. కారు ఎడమకి చుట్లు కొట్టి మళ్లీ అక్కడికే వస్తూ ఉంది.

“ఏమయ్యా, లోపల పంచాంగ శ్రవణం అయిపోతుంది!”

“ప్రదక్షిణ అవుతోంది కదండీ. ఎడమకైనా పుణ్యం ఎక్కడికీ పోదు.”

మరోసారి ఎవరో పోతే చుట్టాలను మండాయ్ శ్మశానానికి తీసుకెళ్లాడు. వీళ్లు చేరేసరికి అంతా అయిపోయి, జనం చేతులు కడుక్కుంటున్నారు. “పోయినాయనకేటి తొందర? ఉన్నవోళ్లు క్షేమంగా వచ్చారు కదా,” అన్నాడు. చుట్టాలు ఆయనతో చాన్నాళ్లు మాట్లాడలేదు.

ఇవన్నీ చెప్పుకుని అందరికన్నా ఎక్కువ నవ్వేవాడు మేనల్లుడు మహీధర్. సైన్స్ పార్క్‌లో ఇంజినీరు. అరుణమ్మ కిడ్నీలు చెడిపోయి డయాలసిస్ మొదలయ్యాక ఆ నవ్వు ఆగిపోయింది. ఏడుకొండలు ఆమెను ప్రతిసారీ ఆలస్యంగానే దించేవాడు. ఎంత ఆలస్యంగా ఎక్కితే మిషను మీద అంత తక్కువసేపు. ఓసారి ఒంట్లో నీరు చేరి, ఊపిరాడక ఆమెను ఆసుపత్రిలో పెట్టారు. తర్వాత సెంటర్ నుంచి మహీధర్‌కు ఫోనొచ్చింది: ఇంకా ఇలాగే వస్తే ఆమెకిచ్చిన వేళ వేరే రోగికి ఇచ్చేస్తాం.

మహీధర్ నేరుగా ఫ్లాటుకు వెళ్లాడు.

“మావయ్యా, తాళం ఇచ్చేయండి. రేపట్నుంచి టాక్సీ బుక్ చేస్తా.”

“టాక్సీవోడు కుడికి తిరుగుతాడ్రా.”

“అందరూ తిరుగుతారు! అది రోడ్డు మావయ్యా, మీ ట్రాక్ కాదు. అత్త చచ్చిపోతుంది. అర్థమవుతోందా మీకు?”

అరుణమ్మ చింతపండు పిసుకుతూ, “నా ముందే అనాలా ఆ మాట? వంటింట్లోకి వెళ్లేదాన్ని కదా,” అంది.

ఏడుకొండలు తాళం జేబులో వేసుకున్నాడు. “రేపొక్కరోజు నేనే తీసుకెళ్తాను. నువ్వూ రా. లేటయితే తాళం నీదే,” అన్నాడు.

మర్నాడు మహీధర్ వెనక సీట్లో కూర్చుని పళ్లు నూరుకున్నాడు. ఎడమ. ఎడమ. ఒకచోట రోడ్డు తవ్వేశారు. సెంటర్ కుడివైపు కనిపించి, దూరమై, మళ్లీ కనిపించింది. లోపలికి వెళ్లేసరికి నర్సు గోడ గడియారం చూసి, “దిస్ ఈజ్ లాస్ట్ టైమ్, అంకుల్,” అంది.

ఏడుకొండలు తల దించుకున్నాడు. “కారు ఎదురు బ్లాకు కింద పెట్టొచ్చి తాళం ఇస్తాన్రా.”

మహీధర్ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. కారులో ఏడుకొండలు ఒక్కడే. గేటు దగ్గర ఆగింది. కుడివైపు లైటు మిణుకుమంది. ఎదురొచ్చే బస్సుకీ వ్యానుకీ మధ్య సందులోంచి, వెన్నలో కత్తి దిగినట్టు, కారు కుడికి తిరిగి అవతల పడింది.

మహీధర్ లోపలికి పరిగెత్తాడు. అరుణమ్మ చేతికి అప్పటికే సూదులు గుచ్చారు.

“అత్తా! మావయ్య కుడికి తిరిగాడు!”

“మెల్లిగా అనరా. ఒక్కడే ఉంటే ఎప్పుడూ తిరుగుతాడు.”

“మరి మనం ఉంటేనో?”

“మన దేశంలోలాగే ఇక్కడా డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు. కుడికి తిరిగేటప్పుడు ఎదురొచ్చే బండి ఎవరి మీదకొస్తాదిరా? పక్కనున్నోడి మీదకే. ఆ రోజు ఈయన కుడికి తిప్పుతుంటే లారీ బాబ్జీ తలుపు మీదకే వచ్చింది. ఆ కప్పు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు పాపం. ఈయనకి గీత కూడా పడలేదు.” ఆమె మిషను వైపు చూసింది. “గానుగెద్దు కబుర్లు ఊరి జనానికి. నాకు తెలుసని ఈయనకి తెలీదు. చెప్పకు, సిగ్గుపడి కారే మానేస్తాడు.”

“నీ ప్రాణం మీదకొస్తుంటే కూడా చెప్పవా?”

“అందుకే నీకు చెప్పాను.”

ఏడుకొండలు వచ్చి తాళం ఇవ్వబోయాడు. మహీధర్ అందుకోలేదు.

“మీ దగ్గరే ఉంచండి. కానీ ఇక మీదట గంట ముందు బయల్దేరాలి. నేనే ఫోన్ చేసి లేపుతా.”

“ఏటిరా, ముసలోడని జాలా?”

“జాలి లేదు, ఏం లేదు. అత్తకి ఊరు చూడాలనుందట.”

“ఆవిడకా? కళ్లు మూసుకునే కూర్చుంటాదిరా!” ఏడుకొండలు నర్సుకు వినపడేలా నవ్వాడు. “సరే పద. నిన్ను ట్రైన్ దగ్గర దింపుతాను.”

స్టేషను గేటుకు కుడివైపు, పిలిస్తే పలికేంత దూరం. మహీధర్ ఈసారి ముందు సీట్లో కూర్చున్నాడు. గేటు దగ్గర ఎడమ లైటు వెలిగింది. అతను ఫోన్ తీసి, ఆఫీసుకు రావడం ఆలస్యమవుతుందని చెప్పాడు. ఎంత ఆలస్యమని అడిగారు.

“చెప్పలేను లా,” అన్నాడు మహీధర్ ఇక్కడివాళ్ల యాసలో, బెల్టు పెట్టుకుంటూ. “మా మావయ్య దింపుతున్నారు.”