దొర కారుకు సాంచాల రంగు

మా చిన్నతనంలో ఊళ్లోకి తెల్లకారు వస్తే చాలు... అరుగుల మీద ఉన్నవాళ్లంతా లేచి, చెప్పులు విడిచి, భుజం మీది తువ్వాల చేతిలోకి తీసుకుని నిలబడేవాళ్లు. అది దొర కారు. కథలాపూర్ దగ్గర మా ఊళ్లో అప్పటికి ఇంకో కారు లేదు.

తర్వాత దొర కుటుంబం పట్నం వెళ్లిపోయింది. కారు వాళ్ల కోటలాంటి ఇల్లు, గడి వెనక కొట్టంలో పడి ఉండేది... సీట్ల మీద కోళ్లు పొదిగేవి. మా బాపు మస్కట్‌లో లారీ నడిపి తెచ్చిన డబ్బుతో దాన్ని కొన్నాడు. వేములవాడకు, కోరుట్ల ఆసుపత్రికి కిరాయికి తిప్పాలని ఆలోచన.

ఇంజన్ బాగుచేయించి ఇంటికి తెచ్చిన రోజు, మూలమలుపు దగ్గర సంబరంగా హారన్ కొట్టాడు. మంచం మీద కూర్చున్న మా తాత గభాలున లేచాడు. చెప్పులు విడిచాడు. తువ్వాల తీసి, తల వంచి నిలబడ్డాడు...

సొంత కొడుకు నడుపుతున్న కారుకు!

"నాయినా... నేనే" అంటూ బాపు దిగి వచ్చాడు. కారు కొన్నది కొడుకేనని తాతకు తెలుసు. కానీ బతుకంతా గడిలో జీతం చేసిన మనిషి... తెల్లగా కనిపించగానే కాళ్లు వాటంతటవే లేచాయి. "ఎక్కు, ఓ చుట్టు తిప్పుకస్త" అంటే, "అండ్ల నేను కూసునుడేందిరా" అని వెనక్కి జరిగాడు.

బాపు తలుపు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. అమ్మ మాత్రం కొంగు బిగించింది.

"రంగు మార్చాలె. గా తెలుపున్నన్ని దినాలు ఇది మన బండి గాదు."

జగిత్యాల షెడ్డులో అడిగితే... వాళ్లు చెప్పిన రేటుకు ఇంకో పాత కారే వచ్చేటట్టుంది. మా దగ్గర మిగిలింది ఇంటి ఖర్చుకే. అప్పుడు అమ్మకు సిరిసిల్లలో ఉన్న తమ్ముడు గుర్తొచ్చాడు. మామ పని చేసేది మరమగ్గాల షెడ్డులో... వాటిని అక్కడ సాంచాలంటారు. సేటు సాంచాలకు వేయించగా మిగిలిన ఆకుపచ్చ రంగు డబ్బాలు అడిగి తీసుకుని, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు.

"గిది కారుకు ఏస్తరా?" బాపుకు అనుమానం.

"ఇనుమే గద బావా! అది సాంచో కారో రంగుకేమెరుక?"

అద్దాలకు పాత పేపర్లు గంజితో అంటించాం. అమ్మ, నేను గరుకు కాగితం నీళ్లలో ముంచి తెలుపును గీకాం... వేళ్లు మండేవి. దుమ్ము లేవకుండా అమ్మ వాకిట్లో పూటపూటా నీళ్లు చల్లించేది. కోళ్లను గంపల కింద కమ్మేశాం. అయినా ఒక ఈక బానెట్ మీద అతుక్కుని అట్లాగే ఆరిపోయింది!

తీరా పైకప్పు దగ్గరికొచ్చేసరికి పచ్చ రంగు అయిపోయింది. "మీద తెలుపుంటే ఏమైతది, మంచిగనే ఉంటది" అన్నాడు మామ. అమ్మ వినలేదు. కిటికీ చువ్వలకు వేయగా మిగిలిన ఎర్ర రంగుంటే, స్టూలెక్కి అదే పూసింది. కుంచె గీతలు గీతలుగా... పచ్చ ఒళ్లు, ఎర్ర నెత్తి!

అప్పుడే గడికి కాపలా ఉన్న గుమాస్తా అటుగా వచ్చాడు. "ఏందే ఇది! దొరవారు ఎక్కిన బండిని రామచిలుకను చేస్తిరి. ఆయనకు ఎరుకైతే ఏమనుకుంటడు?"

అమ్మ స్టూలు దిగలేదు. "చిలుకే పటేలా. పంజరం ఇడిసి ఎగిరచ్చింది. మల్ల రాదని చెప్పుండ్రి."

గుమాస్తా గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. మామ నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

రంగు ఆరాక బాపు కారును ఊరి బయటికి తీసుకుపోయి, మళ్లీ అదే మలుపు దగ్గర హారన్ కొట్టాడు. మేమంతా తాతనే చూస్తున్నాం. తాత తలెత్తాడు... చెయ్యి కళ్ల మీద అడ్డం పెట్టుకున్నాడు... ఒక కాలు నేల మీద మోపాడు.

ఆ కాలు అక్కడే ఆగింది.

"ఏందిరా ఆ మోత! కోడిపిల్లలు బెదురుతలేవా? పక్కకు పెట్టు!"

కూర్చునే తిట్టాడు. బాపు స్టీరింగ్ మీద తల పెట్టుకుని నవ్వాడో ఏడ్చాడో... నాకు ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు మా కాలనీలో ఎటు చూసినా తెల్లకార్లే. అమ్మితే మంచి ధర వస్తుందట. మా ఇంట్లో మాత్రం తెల్లది కొననివ్వను... నవ్వేవాళ్లు నవ్వనీ. మొన్న ఊరికి పోతే పెద్ద పెద్ద కార్లు పోతున్నా అరుగు మీది పిల్లలు ఫోన్లోంచి తల కూడా ఎత్తడం లేదు. ఈ కాలం పిల్లలకు మర్యాద లేదని పక్కనున్న పెద్దాయన బాధపడ్డాడు.

నాకైతే కడుపు నిండింది... ఎత్తకండి నాయనా, అట్లాగే కూర్చోండి.

మీ ఇంటికి వచ్చిన మొదటి బండి ఏ రంగుది? దాన్ని చూసి నవ్విందెవరు? చెప్పండి... వినాలని ఉంది.