వెనక నుంచి వచ్చే వాన

పాలమూరులో మా అబ్బాయి ఈ మధ్య ముందుగదిలో ఐదు స్పీకర్లు బిగించాడు. మూడు టీవీ పక్కన, రెండు సోఫా వెనక గోడకు. ఇవాళ సాయంత్రం నన్ను సరిగ్గా మధ్యలో కూర్చోబెట్టి సినిమాలోంచి ఒక వాన సన్నివేశం పెట్టాడు. తెర మీద పెంకుటిల్లు తడుస్తోంది, ముందు స్పీకర్లలో జల్లు మొదలైంది. "ఎనుక నుంచి గూడ వస్తాంది గద బాపూ?" అని అడిగాడు. ఈ ప్రశ్న ఇదివరకే ఒకసారి విన్నాను. జవాబు చెప్పే ఓపిక లేక చాయ్ అడిగాను.

తొంభైల్లో నేను మేళ్లచెరువు దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్ణి. మా షిఫ్టుకు పెద్ద ఖాజా సాబ్. బట్టీలో కాలిన రాళ్లను పొడి చేసే మిల్లు మా విభాగానిది. పేరుకు మిల్లు గానీ, అది పడుకోబెట్టి గిరగిరా తిప్పే పెద్ద ఇనుప పీపా. లోపల ఉక్కు గుండ్లు దొర్లుతూ ఉంటాయి. మోత ఖంగుమంటే లోపల సరుకు తగ్గిందని, మందగిస్తే ఎక్కువైందని సాబ్ చెవితోనే పట్టేవాడు. నాకు మొదట్లో అంతా ఒకటే రొద. తెలియకపోయినా తెలిసినట్టు తల ఊపితే ఆయనకు ఒళ్లు మండేది. "తలకాయ ఊపకు యాదగిరీ. ఇనబడకుంటే ఇనబడలేదని చెప్పు" అనేవాడు. అప్పట్లో ఆ మాటకు నాకు విసుగొచ్చేది. ఇంటికి పోయి అన్నం ముందు కూర్చుని ఆయన్ని తిట్టుకునేవాణ్ణి.

అంత కఠినమైన మనిషికి ఒకటే పిచ్చి, సినిమా చప్పుడు. కథ ఎలా ఉన్నా పట్టించుకోడు. దుబాయిలో ఉన్న తమ్ముడు తెచ్చిన వీసీఆర్, యాంప్లిఫయర్, స్పీకర్లు కాలనీ క్వార్టర్‌లో ముందుగదిని సగం మింగేశాయి. ఆదివారం మధ్యాహ్నం నన్ను పిలిచేవాడు. అన్నీ ఇంగ్లీషు సినిమాలే. యుద్ధాలు, తుఫాన్లు. మాటలు మా ఇద్దరికీ అర్థమయ్యేవి కావు. హెలికాప్టర్ ముందు గోడ నుంచి లేచి మా తలల మీదుగా వెనక్కి పోతుంటే సాబ్ మెడ తిప్పి, ఇంటికొచ్చిన చుట్టాన్ని పంపినట్టు దాన్ని సాగనంపేవాడు. తెర వెనక ఒక్క డబ్బా మోగే టాకీసుల్లో పెరిగిన నాకు ఇది చాలా వింత. ఫ్యాక్టరీ మోత చాలక ఇంటికి కూడా తెచ్చుకున్నారా అని ఆయన భార్య చాయ్ ఇస్తూ గొణిగేది.

ఒక ఆదివారం తుఫాను సినిమా నడుస్తోంది. సాబ్ మాటిమాటికీ వెనక్కి చూస్తున్నాడు. లేచి వెనక స్పీకర్ల వైర్లు ఊడదీసి మళ్లీ బిగించాడు. వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"ఎనుక డబ్బాలల్ల వాన పడ్తాందా?"

నాకు శుభ్రంగా వినబడుతోంది. వైరు పాడైందంటే నమ్మేవాడే, ఆ పూటకు హాయిగా ఉండేవాడు. కానీ ఇన్నాళ్లూ తిన్న చీవాట్లు నోటికి అడ్డం వచ్చాయి. "పడ్తాంది సాబ్, రెండిట్ల పడ్తాంది" అన్నాను. ఆయన క్యాసెట్ వెనక్కి తిప్పి, కళ్లు మూసుకుని మళ్లీ విన్నాడు. తర్వాత టీవీ కట్టేశాడు.

"రిపేర్లప్పుడు మిల్లును జరంత జరంత తిప్పుతం. మనుషులు పక్కనే ఉంటరు" అన్నాడు. "తిప్పే బటన్ కాడ నేనుంట. ఎనుక నుంచి ఎవడన్న ఆపుమని ఒర్లితే నాకు ఇనబడాలె గద."

రిటైర్మెంటు ఎంతో దూరం లేదని, అందాకా మీ వెనక నేను నిలబడతానని బతిమాలాను. ఒప్పుకోలేదు. మర్నాడు పొద్దున్నే తానే మేనేజరు దగ్గరికి పోయి మిల్లు నుంచి తీసేయమని అడిగాడు. స్టోర్సులో వేశారు. మిల్లంతా సలాం కొట్టిన మనిషి అక్కడ బూట్లు, చేతితొడుగులు ఇచ్చుకుంటూ కూర్చున్నాడు. ఉన్న ఉద్యోగం చెడగొట్టుకున్నాడని అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది, ఆయన మీద కోపం కూడా వచ్చింది. బాధ లేదా అని ఒకసారి అడిగితే, మిల్లు మోత లేక ఏమీ తోచడం లేదని, అయినా నిద్ర మాత్రం పడుతోందని అన్నాడు.

ఆ బటన్ దగ్గరికి తర్వాత నేనే వచ్చాను. నొక్కే ముందు ప్రతిసారీ వెనక్కి తిరిగి చూసేవాణ్ణి. ఇప్పుడు స్కూటరు తీసే ముందు కూడా అలాగే చూస్తాను.

ఖాజా సాబ్ పోయి చాలా కాలమైంది. నేనూ అలసిపోయాను. రోజూ మనవణ్ణి స్కూటరు మీద బడికి దింపడం, ఈ వయసులో పని అనిపించే పని నాకు అదొక్కటే. కొన్నాళ్లుగా బస్సులు పక్కకు వచ్చేదాకా వాటి హారన్ నాకు తెలియడం లేదు. డ్రైవర్లను తిట్టుకుంటున్నాను.

చాయ్ వచ్చింది. వాన ఇంకా ముందు గోడ మీదే పడుతోంది. అబ్బాయి మళ్లీ అడిగాడు. తల ఊపబోయి ఆగాను.

"ఇనబడ్తలేదు బిడ్డా."

సౌండు పెంచుతానని వాడు రిమోట్ అందుకున్నాడు. వద్దన్నాను. జేబులోంచి స్కూటరు తాళంచెవి తీసి వాడి చేతిలో పెట్టాను.

"రేపటి సంది పోరన్ని నువ్వే దింపు."