నాడె మీద తంబాకు రుచి

మా రాజలింగమన్న మాటకారి కాదు. ముప్పై ఏళ్ళు బొంబాయిలో ఉండి మరాఠీ సరిగా రాని మొండిఘటం. ఎనభై రెండు సమ్మెలో వర్లీ మిల్లు పోయాక ఇద్దరం కామాటిపురలో ఒక సేఠు షెడ్డులో చేరాం. నాలుగు సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు. రాత్రి అతను నేసేవాడు, పగలు నేను.

నేత తెలియనివాళ్ళకి చెప్తున్నాను. మగ్గంలో అటూ ఇటూ ఉరికే నాడెలో దారపు కండె అయిపోయినప్పుడల్లా కొత్తది పెట్టి, నాడె కన్నానికి నోరానించి గట్టిగా పీల్చాలి. అప్పుడు దారం బయటికొస్తుంది. రోజుకు వందలసార్లు. పొద్దున మొదటి నాడె నోట పెట్టగానే నాకు అన్న తంబాకు రుచి తగిలేది. ఛీ అని ఉమ్మి, మళ్ళీ పీల్చేవాణ్ణి.

ఎనభై ఐదు వానాకాలంలో ఒక పొద్దున ఆ రుచి లేదు. మరునాడూ లేదు. రాత్రి గుడ్డ తక్కువ పడుతోంది. ఇలాగైతే ఇద్దరినీ తీసేస్తానని సేఠు నా మీద అరిచాడు. ఒకసారి పని కోల్పోయినవాడికి ఆ మాట ఎంత భయమో! ఒకరోజు నా వంతుకు ముందే వెళ్ళి చూద్దును కదా, అన్న వంచిన తీగముక్కను కన్నంలో దూర్చి దారం లాగుతున్నాడు.

"ఏందన్నా, కొత్త పెండ్లికూతురు లెక్క గీ నాజూకేంది? నోటితోటి గుంజరాదు! నీతోటి నా కడుపు గూడ గొడ్తవా?"

"అయితది పో" అన్నాడు తలెత్తకుండా.

వారం తిరిగేసరికి సేఠు అతన్ని తీసేసి, పాలమూరు నుంచి వచ్చిన యాదయ్యను పెట్టాడు. నేను అడ్డుపడలేదు. నిజం చెప్పాలంటే, హమ్మయ్య అనుకున్నాను.

దసరా వెళ్ళాక అన్న భార్య లక్ష్మవ్వ వదిన నల్లా దగ్గర చెప్పింది, ఆయనకు టీబీ అని, దవాఖానలో సూదులు వేస్తున్నారని. రెండేళ్ళ కింద నాకూ అదే జబ్బు. రెండు నెలలు మాత్రలు మింగి, దగ్గు తగ్గగానే ఆపేశాను. పని పోతుందని ఎవరికీ చెప్పలేదు. నాడెలు మాత్రం పీలుస్తూనే ఉన్నాను. ఇప్పుడు నెల రోజులుగా మళ్ళీ దగ్గు.

వాళ్ళుండే ఒంటిగది ఖోలీకి వెళ్ళాను. అన్న గోడకానుకుని కూర్చున్నాడు, ఒంటి మీద చొక్కా వేలాడుతోంది.

"నాతోటే నీకంటిందన్నా. మాత్రలు నడుమల్నే ఇడిచిన, మల్ల దగ్గొస్తుంది" అన్నాను. ఏడుపు ఆగలేదు.

"ఎరుకే. నీ దగ్గు నేనినలేదా శివరాం?"

"మరి తిట్టకపోతివి! ఆ తీగతోని ఎందుకు గోసపడ్డవ్?"

"నీకు తగ్గిందనుకున్న. మల్ల నా నుంచి నీకెందుకని." కాసేపు దగ్గి, ఊపిరి తీసుకున్నాడు. "ఈసారి మందులు నడుమల ఇడువకు."

అతని తీగముక్క అడిగి తెచ్చుకున్నాను. అలాంటిదే ఇంకోటి వంచి, మరునాడు యాదయ్యకిచ్చి సంగతంతా చెప్పాను. "నీ పుణ్యముంటది, దీనితోటే గుంజు" అన్నాను. అతను శ్రద్ధగా విన్నాడు, తలూపాడు.

"గిట్లయితే గుడ్డ తక్కువ పడదా కాకా?" అని తీగ జేబులో వేసుకుని, నాడె నోట పెట్టుకున్నాడు.