కడపలో వరసలు తీసిన మధ్యాహ్నం

మా మేనల్లుడు నవీన్‌కు పందొమ్మిదేళ్లు. కర్నూలులో డిగ్రీ చదువుతున్నాడు. ఇంటికి చుట్టాలొస్తే గదిలోకి పోయి గడియ పెట్టుకునే రకం. స్నేహితుడన్నవాడు ఒక్కడూ లేడు. అలాంటివాడు మే నెలలో ఒక సాయంత్రం కల్లూరులో మా ఇంటికొచ్చి, చెప్పులు కూడా విడవకుండా, "మామా, కడపకు పోవల్ల. నువ్వూ రావల్ల" అన్నాడు. ఎందుకురా అంటే, ఫోనులో పరిచయమైన హారిక అనే అమ్మాయిని కలవాలట. ఏడాదిగా మెసేజీలే తప్ప ఒకరి గొంతు ఒకరు విన్నది లేదట. ఎదురుపడితే నోరు పెగలదని భయం. అందుకని తోడుకు నేను.

వాళ్లమ్మ, అంటే మా చెల్లెలు, విషయం విని గుండెల మీద చెయ్యి వేసుకుంది. "ఏం జరుగుతాదో ఏమో, నువ్వైతే పో అన్నా" అంటూ బనగానపల్లె మామిడిపండ్ల సంచి చేతికిచ్చింది. వట్టి చేతులతో పోవడం మా ఇంటావంటా లేదు. ఆ సంచే కొంప ముంచింది.

పొద్దున ఆరున్నరకు షేర్ ఆటోలో కర్నూలు బస్టాండు చేరాం. కడప పోయేవాళ్లు నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా పోయే ఎక్స్‌ప్రెస్ ఎక్కండి. ఐదు గంటల దారి. ఆడవాళ్లకు టికెట్టు తీసేసినప్పటి నుంచి మగవాళ్లకు సీటు దొరకడం గగనమైంది. మేము నంద్యాల దాకా నిలబడే పోయాం.

"దుడ్లిచ్చినోళ్లు నిలబడాల, ఇయ్యనోళ్లు కూచోవాల. బాగుండాదప్పా!" అన్నాడు నా పక్కన కడ్డీ పట్టుకుని వేలాడుతున్న పెద్దమనిషి.

"కూచోని సుఖపడతాండామా? ఒళ్లో ఇద్దరు పిల్లోల్లు కనపడ్లేదా?" అని ముందు సీటావిడ అంటించింది.

నేను అలవాటు చొప్పున ఆ పెద్దమనిషిది ఏ ఊరు, ఇంటిపేరేమిటి, పిల్లనెవరికిచ్చారు, అన్నీ అడిగి తెలుసుకున్నాను. నవీన్ సిగ్గుతో తల అటు తిప్పుకున్నాడు.

నంద్యాలలో సీట్లు దొరికాయి. అక్కడ వాడు ఒక ఇయర్‌ఫోన్ నా చెవిలో పెట్టి, వాడూ ఆ అమ్మాయీ ఎవరింట్లో వాళ్లు ఉండి ఒకే వేళకు చూసే సీరియల్ చూపించాడు. జపాన్ బొమ్మల కథ, అనిమే అంటారట. ఒక హైస్కూలు. ఎవరితోనూ కలవని అబ్బాయి గోడకు ఈ పక్క, ఎవరితోనూ కలవని అమ్మాయి ఆ పక్క, ఒంటరిగా కూర్చుని అన్నం తింటుంటారు. ఒకరు డబ్బా మూత తీసిన చప్పుడు ఇంకొకరికి వినిపిస్తుంది. ప్రేమంతా అదే!

"వీళ్లు మాట్లాడుకునేది ఎప్పుడురా?"

"పదకొండో ఎపిసోడ్‌లో మామా. ఈ పొద్దు ఏం కూర అని అడుగుతాది."

నాకు మతిపోయింది. మన సినిమాల్లో అయితే ఆపాటికి మూడు పాటలు, రెండు ఫైట్లు అయిపోయి ఉంటాయి. అయినా చూశాను. మూత చప్పుడు కోసం ఆ పిల్లవాడు నమలడం ఆపేసి చెవి ఒగ్గినచోట, చెప్పుకోవడానికి సిగ్గేగానీ, నాకు కళ్లు చెమర్చాయి. "ఇట్ల ఒంటరిగా తినేది మాకు మామూలే మామా" అన్నాడు నవీన్ నెమ్మదిగా. ఉలిక్కిపడ్డాను. కాలేజీలో వీడు ఎవరి పక్కన కూర్చుని అన్నం తింటాడో మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

పదకొండున్నరకు కడపలో దిగాం. ఎండ మాడు పగలగొడుతోంది. బస్టాండుకు దగ్గర్లోని హోటల్లో కలవాలని ముందే అనుకున్నారు. లోపలికి పోయి చూస్తే హారిక పక్కన వాళ్ల జేజి! వీడు నన్ను తెచ్చుకున్నట్టే ఆ అమ్మాయి నాయనమ్మను తోడు తెచ్చుకుంది. నాలుగు కారం దోసెలు చెప్పాం. పిల్లలిద్దరూ ఎదురెదురుగా కూర్చుని నీళ్ల గ్లాసులకేసి చూస్తున్నారు. ఎవరూ మాట్లాడకపోతే నాకు ఊపిరాడదు. మామిడిపండ్ల సంచి తీసి పెద్దామె ముందు పెట్టాను. ఆమె సంచిని చూసింది, నవీన్‌ను చూసింది, ముఖం చాటంత అయింది. పిల్లవాణ్ని వెంటబెట్టుకుని పండ్లతో వచ్చారంటే మా సీమలో దానికి ఒకటే అర్థం.

"యా ఊరప్పా మీది?"

"నేనుండేది కల్లూరు పెద్దమ్మా. పిల్లోని నాయనది ఆలూరు."

"సేద్యం ఎంతుండాది?"

చెప్పాను. మనవాళ్లేనని తేలింది. ఇంటిపేర్లు వేరు, ఇంకేం కావాలి! ఇద్దరికీ హుషారొచ్చింది. పెళ్లి మాట ఎవరూ ఎత్తలేదుగానీ ఇద్దరి మనసులూ పందిట్లోనే ఉన్నాయి.

"పిల్లోని జేజి పుట్టినిల్లు యాడ?"

"బనగానపల్లె పక్కన పల్లె. ఆమె పోయి శానా ఏండ్లాయ. పేరు నాగమ్మ."

పెద్దామె చెయ్యి సంచి మీదే ఆగిపోయింది. "మా నాగినా? మా చిన్నాయన కూతురప్పా! నా చెల్లెలు!" అని సంబరపడింది. మరుక్షణమే ముఖం పాలిపోయింది. "అట్లయితే ఈ పిల్లోని నాయన, నా కొడుకు అన్నదమ్ములవుతారు. వీళ్లు అన్నాచెల్లెళ్లప్పా!"

నెత్తిన పిడుగు పడినట్టయింది. అక్కాచెల్లెళ్ల కొడుకులు అన్నదమ్ములే, వాళ్ల పిల్లలకు పెళ్లి మాట తలవడమే తప్పు. ఈ లెక్క ఊరందరికీ విప్పి చెప్పేవాణ్ని నేను. నవీన్ తెల్లబోయి చూస్తున్నాడు.

హారిక గ్లాసును ఠపీమని బల్ల మీద పెట్టింది.

"జేజీ! మేము పెండ్లి అడిగినామా? ఒక్క మాట మాట్లాడుకుందామని ఏడాది నుంచి ధైర్యం కూడగట్టుకోని వచ్చినాం. అది కూడా మీరే మాట్లాడుకుంటాండారు!"

హోటల్లో తలలన్నీ ఇటు తిరిగాయి. "బయటోళ్ల ముందర ఈ పిల్ల గొంతు నేనెప్పుడూ వినలేదప్పా" అని పెద్దామె గొణిగింది. నవీన్ లేచి, "మామా, మీరిద్దరూ ఆ బల్లకాడికి పోండి" అన్నాడు. నన్ను! మారు మాట్లాడకుండా దోసెలు పట్టుకుని పోయాం.

కడప కారం దోసె వేడి మీదే తినాలి. మావి చల్లారిపోయాయి, ఇద్దరమూ అటువైపే చెవులొగ్గి కూర్చున్నాం. తర్వాత ఆ అమ్మాయి ఏదో అంది. నవీన్ పగలబడి నవ్వాడు. వాడి నవ్వు అంత గట్టిగా ఉంటుందని నాకు తెలియదు.

"ఏమంటాండారప్పా?"

"వినపళ్లేదు పెద్దమ్మా."

మూడింటికి లేచాం. పెద్దామె నన్ను పక్కకు పిలిచింది. "ఆ నాగమ్మ మా నాగి కాదేమో నాయనా. నాకు మతిమరుపు శానా ఎక్కువైంది" అంది, నా కళ్లలోకి సూటిగా చూస్తూ. అప్పటిదాకా ఆమె ఒక్క పేరు కూడా తడుముకోలేదు.

తిరుగు బస్సులో ఇద్దరికీ సీట్లు దొరికాయి. కడపలో చూడవలసినవి చాలా ఉన్నాయంటారు. నేను చూసింది ఒక హోటల్లో రెండు బల్లలు. అంతకు మించి విడ్డూరం ఇంకెక్కడా చూడలేదు.

"ఆ పిల్లంటే ఇష్టమా నీకు?" అని అడిగాను.

"ఏమో మామా. ఈ పొద్దే కదా మాట్లాడింది" అన్నాడు. ఆపైన, "వరస సంగతి అమ్మకు చెప్తావా?" అన్నాడు. చెబితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. ఇష్టమో కాదో వాడికే తెలియకముందే ఇంట్లో అంతా తేల్చేస్తారు.

ఆళ్లగడ్డ దగ్గర మా చెల్లెలు ఫోన్ చేసింది. "ఎవురోళ్ల పిల్ల అన్నా? పుట్టుపూర్వోత్తరాలేమి? మనకేమన్నా వరస కలుస్తాదా?"

నవీన్ నా నోటికేసి చూస్తున్నాడు.

"అడగలేదమ్మా" అన్నాను.

చెల్లెలు భయం భయంగా, "అన్నా, నీకు ఒంట్లో బాగుండాది కదా?" అంది.