ముందే రాసిన మినిట్స్

అది 2010. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఊపు మీదున్న రోజులు. హైదరాబాదులోని ఒక విశ్వవిద్యాలయంలో నేను సెక్షన్ సూపరింటెండెంట్‌ని. సరూర్‌నగర్‌లో ఇల్లు, దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కితే ఆఫీసు. విద్యార్థుల మీద చర్యలు తీసుకునే డిసిప్లినరీ కమిటీ ఫైళ్లన్నీ నా బల్ల మీదుగానే పోయేవి.

బయటివాళ్లకు తెలియని మా పద్ధతి ఒకటి చెప్పాలి. సమావేశంలో ఎవరేం మాట్లాడారు, ఏం నిర్ణయించారు అని రాసే కాగితాన్ని మినిట్స్ అంటారు. సమావేశం అయ్యాకే రాయాలి. మేము ముందురోజే టైపు చేయించి పెట్టేవాళ్లం. ముగిసిన సమయం దగ్గర మాత్రం ఖాళీ వదిలేవాళ్లం. పెద్దలకు తీరిక ఉండదు కదా, లేవగానే సంతకాలు గీకి పోవాలి. ఈ పనిలో నాకు మంచి పేరుండేది. ఆ పేరుకు తెగ మురిసిపోయేవాణ్ని కూడా.

ఆ ఏడు క్యాంపస్‌లోకి పోలీసులను పిలిచినందుకు విద్యార్థులు ధర్నాకు దిగారు. ఒకరోజు పరిపాలనా భవనం గేటుకు తాళం వేసి సిబ్బందిని లోపలే ఉంచారు. మధ్యాహ్నం దాటింది. నాకు షుగర్. ఒళ్లంతా చెమటలు పట్టి మెట్ల మీద కూలబడ్డాను. అప్పుడు స్వరూప అనే అమ్మాయి తోటివాళ్లతో కొట్లాడి తాళంచెవి లాక్కుంది.

"సార్ పానం బాగలేదు. మన కొట్లాట వీసీతోని, గీయనతోని కాదు" అంటూ గేటు తీసి నన్ను బయటికి పంపింది. తన సంచిలోని బిస్కెట్ల పొట్లం కూడా నా చేతిలో పెట్టింది.

స్వరూప ఎమ్మెస్సీ లెక్కలు, చివరి సెమిస్టర్. పోచంపల్లి దిక్కు నేత కుటుంబం. తండ్రి దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణంలో పనిచేసేవాడు. గడ్డిఅన్నారంలో కిరాయి ఇల్లు. ఆ ఇంట్లో పీజీ దాకా వచ్చింది ఆమె ఒక్కతే. లెక్చరర్ కావాలని ఆశ.

వారం తిరగకుండా ఆమె మీద ఫైలు తయారైంది. గేటుకు తాళం వేసింది ఆమేనని అభియోగం. సాక్ష్యం ఒక ఫోటో. గేటు దగ్గర ఆమె, చేతిలో తాళంచెవి, పక్కన ఎవరిదో చేతిసంచి అంచు. ఆ సంచి నాదే.

రిజిస్ట్రార్ పిలిచి, "రెండేండ్లు రస్టికేషన్ అని టైపు చేపియ్. పైనుంచి చెప్పిన్రు" అన్నారు. రస్టికేషన్ అంటే యూనివర్సిటీ నుంచి వెళ్లగొట్టడం. పరీక్షలకు ఇంకో పది రోజులున్నాయి. ఫోటో సంగతి నోటిదాకా వచ్చింది. కానీ నా ప్రమోషన్ ఫైలు ఆయన దగ్గరే ఉంది. "సరే సార్" అన్నాను.

విచారణ రోజు హాజరు సంతకం కోసం ఫైలు ఆమె చేతికిచ్చాను. టైపు చేసిన మినిట్స్ అందులోనే మరిచిపోయాను. ఆమె సంతకం పెట్టబోయి ఆగిపోయింది.

"సార్, గిదేంది? నేనింక లోపటికి పోనేలేదు. 'విద్యార్థిని వివరణ విన్నాము, సంతృప్తికరంగా లేదు' అని ఉన్నది?"

ఫైలు లాక్కున్నాను. "అది డ్రాఫ్టమ్మా. ఆఫీసు పద్ధతి. నువ్వు చెప్పినంక మారుస్తం."

"మారుస్తరా?"

"మారుస్తమమ్మా."

నమ్మింది పిచ్చిపిల్ల. "గేటు మీకోసమే తీసిన కద సార్. లోపట ఒక్క మాట చెప్పుండ్రి" అంది.

"అడిగితే చెప్త" అన్నాను. ఎవరూ అడగరని నాకు తెలుసు.

లోపల రిజిస్ట్రార్ ఫోటో చూపించి, "తాళంచెవి నీ చేతిల ఉన్నదా లేదా?" అన్నారు.

"ఉన్నది సార్, కని గేటు తెరవనీకె..."

"ఉన్నదా లేదా, అంతే చెప్పు!"

ఆమె నా వైపు చూసింది. నేను తల వంచుకుని ఉత్త కాగితం మీద ఏదో రాస్తున్నట్టు నటించాను. పది నిమిషాలు కూడా పట్టలేదు. అందరూ లేచాక ఖాళీ చోట సమయం వేసి సంతకాలు తీసుకున్నాను. ఆ కాగితంలో నేను మార్చింది అదొక్కటే.

ప్రమోషన్ వచ్చింది. కొన్నేళ్లకు రాష్ట్రమూ వచ్చింది. ఉద్యమంలో ఉన్న పూర్వ విద్యార్థులకు మా ఆడిటోరియంలో శాలువాలు కప్పారు. ఆ జాబితా కూడా నేనే తయారు చేశాను. రస్టికేట్ అయినవాళ్లను పెట్టొద్దన్నారు, పెట్టలేదు. ఛీ, ఏం బతుకు!

రిటైరయ్యాక, పోయినేడు, మనవరాలిని చేర్పించడానికి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌కు వెళ్లాను. లెక్కలు చెప్పే మేడమ్‌ను కలవమన్నారు. స్వరూప. చెంపల దగ్గర జుట్టు నెరిసింది. ఆ పీజీ పూర్తి చేయనేలేదని తర్వాత తెలిసింది. నన్ను చూడగానే గుర్తుపట్టింది.

"షుగర్ ఎట్లున్నది సార్?" అంది.

తల తీసేసినట్టయింది. మనవరాలిని బయట కూర్చోబెట్టి వచ్చి, "అమ్మా, ఆనాడు ఏమైందంటే..." అని మొదలుపెట్టాను.

ఆమె పెన్నుకు మూత పెట్టి, ముందున్న కాగితాలు పక్కకు జరిపింది. "చెప్పుండ్రి సార్. నేనేం ముందుగాల రాసిపెట్టుకోలె. మొత్తం వింట."

ఎన్నేళ్లుగానో మనసులో తయారు చేసుకున్న జవాబులున్నాయి. పైనుంచి ఒత్తిడి, ప్రమోషన్, ఇంటి ఖర్చులు. అవీ ముందే రాసిపెట్టుకున్నవే. క్లాసు బెల్లు మోగినా ఆమె లేవలేదు, నా ముఖంలోకి చూస్తూ అట్లాగే కూర్చుంది.

ఈ ఉద్యోగాల్లోకి కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. అవతలి మనిషి నోరు తెరవకముందు కాగితం మీద ఏమీ రాయకండి. ఆ పాఠం నాకు ఆ రోజు స్వరూప గదిలో తెలిసింది. ఆమె నా వివరణ వినడానికి సిద్ధంగా కూర్చుంది. "ఏం లేదమ్మా" అని లేచి వచ్చేశాను.