దిగుడులో న్యూట్రల్

సమాధానం తన కుడికాలి గురించి వేరే మనిషి గురించి చెప్పినట్టు చెబుతాడు. దానికి ముప్పై మూడేళ్ల సర్వీసు ఉందంటాడు. పద్దెనిమిదేళ్లు లారీ, తర్వాత అద్దె కార్లు, ఇప్పుడు అల్లూరులో రొయ్యల గుంటలున్న పెంచలప్రసాద్ గారి కారు. యజమాని తల్లి ఇందిరమ్మ గారిని నెల్లూరు కంటి ఆసుపత్రిలో దించి, ఆమె బయటికి వచ్చేదాకా ఆయన కారు నీడనే కూర్చుంటాడు. ఈ కథంతా అక్కడ, నాలుగైదు విడతలుగా నాకు చెప్పినదే. నాకు డ్రైవింగ్ రాదు. అందువల్ల అడిగిందే అడిగాను, ఆయనా విసుక్కోకుండా మళ్లీ చెప్పాడు.

పని నేర్పింది మస్తానయ్య అనే లారీ డ్రైవరు. ఎక్కుడు వచ్చే ముందు గట్టిగా తొక్కి ఊపు తీసుకోవాలి, దిగుడు రాగానే న్యూట్రల్ కొట్టాలి, బండి దాని బరువు మీద అదే జారిపోతుంది. ఆ కాస్త దూరం ఇంజనుకు పని ఉండదు కాబట్టి డీజిలు మిగులుతుంది. దిగుడులో డీజిలు కాల్చేవాడు డ్రైవరే కాదని మస్తానయ్య తిట్టేవాడట. ఆ తిట్టు సమాధానం కాలిలోకి, చేతిలోకి దిగిపోయింది. ఆలోచించకుండానే చెయ్యి గేరు మీదికి పోతుంది.

నిరుడు పెంచలప్రసాద్ గారు హైబ్రిడ్ కారు కొన్నారు. పెట్రోలు ఇంజనూ ఉంటుంది, బ్యాటరీతో తిరిగే మోటారూ ఉంటుంది. ఏది ఎప్పుడు లాగాలో బండే చూసుకుంటుంది. లీటరుకు ఇరవై రెండు కిలోమీటర్లకు తగ్గదని అమ్మినవాళ్లు చెప్పారు. వచ్చింది పదహారు. మొదట కొత్త బండి కదా అనుకున్నారు. తర్వాత బంకు మార్చి చూశారు. మూడో నెల నుంచి యజమాని ఆ ఊసే ఎత్తడం మానేశారు.

సమాధానం కంటే ముందు ఆ ఇంట్లో ఉన్న డ్రైవరు ట్యాంకులో గొట్టం పెట్టి డీజిలు తీసి అమ్ముకుంటూ పట్టుబడ్డాడు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. బండి కొని ఏడాది కావస్తుండగా ఒకరోజు పెంచలప్రసాద్ గారు, ఇకనుంచి సాయంత్రం పోయేటప్పుడు కారు తాళం ఇంట్లో ఇచ్చి వెళ్లమన్నారు. పెట్రోలు పోయించడానికి తానే వెంట రావడం మొదలుపెట్టారు. అంతకుమించి ఒక్క మాట లేదు.

"ఎవరూ ఏమీ అనలా సామీ. అని ఉంటే బాగుండు," అన్నాడు సమాధానం నాతో.

ఆయన చర్చిలో సంఘ పెద్ద. ఆదివారం కానుకల సంచి పట్టుకుని వరసల మధ్య తిరిగే మనిషి. ఆ సంచి పట్టుకున్నప్పుడు జనం తన చేతిని చూస్తున్నట్టు అనిపించేదట. అల్లూరులో ఒక డ్రైవరుకు దొంగ అని పేరు వస్తే పక్కనున్న విడవలూరులో కూడా స్టీరింగు దొరకదు. భార్య పుష్పకుమారి నేరుగా అడిగెయ్యమని పోరింది. ఈయన అడగలేదు. అడిగితే అవునంటారేమోనని.

విషయం బయటపెట్టింది ఇందిరమ్మ గారు. డెబ్బై రెండేళ్ల మనిషి, మొన్నమొన్నటి దాకా కయ్యల్లోకి దిగి వరి నాటించినామె. వెనక సీట్లో కూర్చుంటే వాంతులు, అందుకని ఎప్పుడూ ముందు సీటే. ఒక కంటికి శుక్లం తీసిన కొత్తల్లో ఆమెకు లోకమంతా కడిగి ఆరబెట్టినట్టు కనబడుతోంది, కనబడినదల్లా చదువుతోంది. చదువు రాదు కాబట్టి బొమ్మలు చదువుతోంది. కారులో స్టీరింగు పక్కన ఒక తెర ఉంది. అందులో చక్రాలు, ఇంజను, బ్యాటరీ బొమ్మలు, వాటి మధ్య అటూ ఇటూ పారే బాణాలు. హైవే మీద రెండు ఫ్లైఓవర్లు దాటేదాకా ఆమె వాటినే చూసి, మూడోదాని దిగుడులో నోరు తెరిచింది.

"సమాధానం, నువ్వా కర్ర కదిపినప్పుడల్లా బాణం ఆగిపోతుండాదే. తూము మూసినట్టు."

అది న్యూట్రలనీ, పెట్రోలు మిగల్చడానికనీ ఈయన సర్దిచెప్పబోయాడు.

"పెట్రోలు సంగతి నాకేం తెలుసు. ఇందాక గేదెలు అడ్డమొస్తే నువ్వు కాలు తీసినావు, కర్ర ముట్టుకోలా. అప్పుడు చక్రం కాడ నుంచి నీళ్లు ఆ డబ్బాలోకి పారినాయి. వచ్చే దిగుడులో చెయ్యి కట్టుకోని కూర్చో, చూద్దాం."

పెద్దావిడ మాట తీసెయ్యలేక అలాగే చేశాడు. దిగుడు పొడుగునా బాణం చక్రాల నుంచి బ్యాటరీకి పారింది. ఈ బండిలో దిగుడు అంటే ఊరికే జారడానికి కాదు, బ్యాటరీ నింపుకోవడానికి. న్యూట్రల్ కొడితే ఆ దారి తెగిపోతుంది. బ్యాటరీ నిండకపోతే మళ్లీ ఇంజనే లాగాలి. ఏడాది పాటు, రోజుకు ఇన్నిసార్లు, తన పనితనమంతా పెట్టి ఆయన ఆ దారి తెంపుతూ వచ్చాడు. నెల్లూరు వచ్చేలోపే ఇందిరమ్మ గారు నిద్రపోయారు.

తర్వాత సర్వీసింగుకు ఇచ్చినప్పుడు అక్కడి మెకానిక్కును చాటుగా అడిగాడు. అతను ఇంకో సంగతి చెప్పాడు. ఎక్కుడుకు ముందు గట్టిగా తొక్కడం కూడా తప్పే. హైవే ఎక్కాక ఎనభైలో పెట్టి స్టీరింగు మీదున్న క్రూయిజ్ కంట్రోల్ బటన్ నొక్కితే వేగం చెదరదు, ఇంజను ఉలిక్కిపడదు, పెట్రోలు తక్కువ తాగుతుంది. ఆ బటన్ని సమాధానం ఏడాదిగా తుడుస్తున్నాడు కానీ నొక్కలేదు. కాలు ఆడించనివాడు డ్రైవరేందని ఆయన పట్టు.

కావలి వైపు ఒంటరిగా పోవలసి వచ్చిన రోజు నొక్కి చూశాడు. బండి తన పాటికి తాను పోతోంది. కుడికాలికి ఎక్కడ ఉండాలో తెలియలేదు. బ్రేకు దగ్గర పెట్టాడు, తీశాడు, చెప్పు విడిచాడు, మళ్లీ తొడిగాడు. ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు మాత్రం వేగం తగ్గకూడదని ఇంజను గట్టిగా అరిచింది. అప్పుడు ఆయనకు కొంచెం ధైర్యం వచ్చిందట. ముందు ఎక్కుడు ఉందని మిషనుకు తెలియదు, తనకు తెలుసు. అక్కడ బటన్ తీసేసి, వేగం కాస్త తగ్గినా ఊరుకుని మెల్లగా ఎక్కించి, అవతల చదునులో మళ్లీ పెట్టడం అలవాటు చేసుకున్నాడు. అల్లూరు రోడ్డులో అసలు ముట్టుకోడు. కోతల కాలంలో అక్కడ సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి, కాలు బ్రేకు మీదే ఉండాలి.

మూడు వారాల్లో పదహారు కాస్తా ఇరవై ఒకటైంది. సంతోషించవలసిన చోట ఆయనకు భయం పట్టుకుంది. బంకు దగ్గర పెంచలప్రసాద్ గారు తెర మీద అంకె చూసి, ఇప్పుడు బాగానే ఇస్తుండాదే బండి, అని నవ్వారు. ఆ నవ్వుకు అర్థం ఒక్కటే. తాళం యజమాని చేతికి వచ్చాక దొంగతనం ఆగిందని.

నిజం చెబితే దొంగ అన్న అనుమానం పోతుంది. కానీ ముప్పై మూడేళ్ల డ్రైవరుకు బండి తోలడం రాలేదని తన నోటితోనే చెప్పాలి. ఆ రాత్రి కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతుంటే పుష్పకుమారి అంది: "దొంగవనుకుంటే ఊరుకుంటివి. తెలియనోడివనుకుంటే ఊరుకోలేవా? ఏం మనిషివయ్యా నువ్వు."

బిట్రగుంట స్టేషనులో ఎవరినో రైలెక్కించి తిరిగి వస్తున్నప్పుడు యజమానిని ముందు సీట్లో కూర్చోమని అడిగాడు. హైవే మీద కొంత దూరం పాత పద్ధతిలో తోలాడు, తొక్కడం, న్యూట్రల్ కొట్టడం. బాణం ఎలా ఆగిపోతోందో వేలుపెట్టి చూపించాడు. తర్వాత బటన్ పెట్టి, దిగుడులో గేరు ముట్టుకోకుండా తోలాడు.

"ఏడాదంతా నేను తప్పు తోలినానన్నా. పెట్రోలు యాడికీ పోలా. నా చేతిలోనే పోయింది."

పెంచలప్రసాద్ గారు తెర వైపే చూస్తున్నారు.

"నన్ను దొంగనుకున్నారా?"

ఆయన, "అనుకున్నా," అన్నారు. "అమ్మ చెప్పింది, వాడు అట్టాంటోడు కాదని. నేను ఇన్లా. ఇప్పుడు అనుకోవట్లా."

ఆ మాట కోసమే ఇన్నాళ్లు ఎదురుచూసిన మనిషికి, అది విన్నాక కోపం వచ్చింది. అంతకుముందు భయమే తప్ప కోపం లేదు. బండి పక్కకు ఆపి దిగి, సీసాలో నీళ్లు ముఖాన చల్లుకుని, పోయే లారీలను చూస్తూ కాసేపు నిలబడ్డాడు. లోపల యజమాని కదల్లేదు, హారను కొట్టలేదు, ఫోను తీయలేదు. తిరిగి వచ్చి కూర్చున్నాక, ఆ బటనేదో తనకూ నేర్పమన్నారు.

"నేర్పిస్తానన్నా," అన్నాడు సమాధానం బండి తీస్తూ. "ఈ పూట మాత్రం కాదు."